గోడ మీద రైతు

క్రెయిగీబర్న్
ఫిబ్రవరి 9

ఒరేయ్ ఎలియాజర్,

ఫోనులో నీతో మాట్లాడటం మానేశాను కాబట్టి రాస్తున్నాను. మొన్న ఆదివారం మనిద్దరి అరుపులకి మీ బావ టీవీ కట్టేసి వెళ్లి కారులో కూర్చున్నాడు. కాగితం మీదైతే నేను చెప్పేది చివరిదాకా వింటావు. మధ్యలో "నీకు తెలీదక్కా" అనడానికి కుదరదు.

మార్కెట్‌లో నీ దుకాణం చూసి వచ్చినప్పటి నుంచి నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. మీట్‌వర్క్స్‌లో మాంసం కోసే ఉద్యోగం, ఈ దేశం వచ్చాక దొరికింది, వారం వారం జీతం. అది వదిలేసి యారమ్ దగ్గర గడ్డిభూమి కొన్నావు. పోనీలే, దొరలా తిరుగుతాడు అనుకున్నాను. తీరా చూస్తే ఎండలో మడత బల్ల వెనక నిలబడి, కుక్కపిల్లని చంకనెత్తుకొచ్చిన దొరసానికి సంజాయిషీ చెప్పుకుంటున్నావు. "ఈ పశువు సంతోషంగా బతికిందా?" అని అడిగింది. నన్ను ఏనాడూ ఎట్టా ఉన్నావని అడగనివాడివి, చేతులు కట్టుకుని "వెరీ హ్యాపీ" అన్నావు. దాని జాతకమంతా విని చివరికి నాలుగు సాసేజ్‌లు కొనుక్కుని పోయింది ఆవిడ. అవీ కుక్కకేనట.

సరే, తిట్టడానికే రాయలేదు. నాతో ముసలివాళ్ల ఏజ్డ్ కేర్‌లో పనిచేసే నీరజ తమ్ముడు భార్గవ్ సిటీలో కొత్తగా తెలుగు రెస్టారెంట్ పెట్టాడు. తెల్లవాళ్లు వరసలో నిలబడి తింటున్నారట. రైతు దగ్గర నేరుగా మాంసం కొంటాడట. నీ నంబరు ఇచ్చాను. వస్తే మొహం మాడ్చుకోకుండా మాట్లాడు. మరదలు కరోలిన్‌ని అడిగానని చెప్పు.

నీ అక్క
మరియరాణి


యారమ్
మార్చి 16

అక్కా,

వందనాలు. నీ ఉత్తరం కరోలిన్ పైకి చదివింది. కుక్క సాసేజ్ దగ్గర ఆగి మరీ నవ్వింది. హాస్పిటల్లో రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి కదా అని నవ్వుకోనిచ్చాను.

మడత బల్ల వెనక ఎందుకు నిలబడ్డానో నీకు తెలియదు. పశువుల సంతకి వచ్చి చూస్తే తెలుస్తుంది. అక్కడ కొనేవాళ్లు నలుగురు. ఒకే బల్ల దగ్గర కాఫీ తాగి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వస్తారు. ఏడాదిన్నర మేపిన కోడెని రింగులోకి తోలితే, చూయింగ్ గమ్ నమిలినంత సేపట్లో దాని ధర తేల్చేస్తారు. నచ్చకపోతే వెనక్కి తోలుకుపో అంటారు. లారీ కిరాయి ఎవరిస్తారు? సంతలో ధర పడితే సూపర్ మార్కెట్లో మాంసం ధర కదలదు. సంతలో పెరిగిందా, సాయంత్రానికల్లా అక్కడ చీటీలు మారతాయి. నడుమ ఉన్నవాళ్లెవరూ ఎండకి నల్లబడటం నేను చూడలేదు. అందుకే నా సరుకు నేనే అమ్ముకుందామనుకున్నాను.

మీ భార్గవ్ వచ్చాడు. తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు. గేటు తీయగానే పేడలో కాలేశాడు. వెంట ఒక ఫోటోగ్రాఫరు. పశువుల్ని ఒక్కసారైనా సరిగా చూడలేదు, నన్ను మాత్రం అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"అన్నా, మీకు హ్యాట్ లేదా? ఫార్మర్ అంటే హ్యాట్ ఉండాల."

"టోపీ ఉందయ్యా."

"అది పోస్ట్‌మ్యాన్‌ది లాగా ఉంది. ఇది పెట్టుకోండి."

కారులోంచి కొత్త తోలు టోపీ తీశాడు, ధర చీటీతో సహా. దూడని ఎత్తుకోమన్నాడు. అది నా చొక్కా తడిపేసింది. ఆ ఫోటోయే బాగా వచ్చిందట.

బేరం కుదిరింది. కానీ అతనికి కావలసింది వెన్ను కండ, తొడ కండ. మిగతా పశువు సంగతేమిటయ్యా అంటే, "అది మీరు చూసుకోండి అన్నా" అన్నాడు. కోడెకి వెనక భాగం ఒక్కటే మొలుస్తుందనుకుంటున్నాడు. ముందు కాళ్లు, మెడ, డొక్కలు మా ఫ్రీజర్లలో పడి ఉన్నాయి. అయినా ధర మంచిదే. సంత వాళ్ల మొహం చూడనక్కర్లేదు. నీ పుణ్యమే, ఒప్పుకుంటున్నాను.

తమ్ముడు
ఎలియాజర్


క్రెయిగీబర్న్
జూన్ 22

తమ్ముడూ,

మూడు నెలలుగా నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. పెద్దవాడివైపోయావు, గోడ ఎక్కావుగా మరి.

మీ బావ పుట్టినరోజుకి చర్చిలో నా స్నేహితురాళ్లనీ తీసుకుని నిన్న భార్గవ్ రెస్టారెంటుకి వెళ్లాం. లోపలికి అడుగు పెట్టగానే నిలువెత్తు నువ్వు! టోపీ, దూడ, ఆ చిరునవ్వు. ఆ నవ్వు నీ పెళ్లిలో కూడా చూడలేదురా. కింద పెద్ద అక్షరాలతో "ఎలియాజర్ పొలం నుంచి మీ పళ్లెంలోకి" అని ఇంగ్లీషులో రాశారు. మెనూలో కూడా నీ పేరే. మా సంగతి తెలియక వడ్డించే అమ్మాయి మాకే నీ కథ చెప్పింది.

"మూడు తరాలుగా పశువులు పెంచుతున్న కుటుంబం అండీ వాళ్లది" అంది.

నాకు నవ్వాగలేదు. మన తాత గొడ్లు కాసిన మాట నిజమే. అవి ఎవరివో ఆ అమ్మాయికి తెలియదు. ఆ గొడ్ల ఆసామి ఇంటి గుమ్మం ముందు తాత దోసిలి పట్టి నీళ్లు తాగాడని ఆ మెనూలో రాయలేదు.

మాంసం మాత్రం, ఒప్పుకోవాలి, వెన్న. నోట్లో పెట్టగానే కరిగిపోయింది. "ఇది మా తమ్ముడి కోడె" అని పక్క బల్ల వాళ్లకి కూడా చెప్పాను. నిన్ను తిట్టిన నోటితోనే చెబుతున్నా, నువ్వు మంచి పనే చేశావు. బిల్లు చూశాక మీ బావ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

అక్క
మరియరాణి


యారమ్
జూన్ 29

అక్కా,

ఏప్రిల్ నుంచి నేను భార్గవ్‌కి ఒక్క ముక్క మాంసం పంపలేదు.

నీకు చెప్పలేదు. చెబితే "నేననలేదా" అంటావని చెప్పలేదు. ఇక్కడి కబేళా వాళ్లు ఈస్టర్ తరవాత చిన్న రైతుల పశువుల్ని తీసుకోవడం మానేశారు. ఎగుమతి ఆర్డర్లు వచ్చాయట. ఒకటీ రెండూ తెచ్చేవాళ్ల కోసం లైను ఆపడం దండగట. నా పొలంలో నేను కోసుకుంటే మేం తినొచ్చు, ఇతరులకి అమ్మితే నేరం. అంచేత నా కోడెలు గడ్డి తింటూ నాకేసి చూస్తున్నాయి. నేను వాటికేసి చూస్తున్నాను. వానలు కూడా సరిగా లేవు, గడ్డీ అంతంతమాత్రమే.

భార్గవ్‌కి అప్పుడే చెప్పాను. "నో వర్రీస్ అన్నా, నేను మేనేజ్ చేస్తా" అన్నాడు. ఎట్టా మేనేజ్ చేశాడో ఇప్పుడు అర్థమైంది.

నువ్వు తిన్నది ఎవరి కోడెనో నాకు తెలియదు.

ఎలియాజర్


క్రెయిగీబర్న్
జూలై 8

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి డ్యూటీ అయిపోగానే అదే యూనిఫాంతో సిటీకి వెళ్లాను. రెస్టారెంటు ఇంకా తెరవలేదు. భార్గవ్ కత్తులు సర్దుకుంటున్నాడు. నీ ఫోటో కింద నిలబడి అడిగాను.

"ఇది ఎవరి మాంసం భార్గవ్?"

"ఆంటీ, కూర్చోండి. చాయ్ తాగుతారా?"

"చాయ్ మా ఇంట్లో ఉంది. మాంసం ఎవరిది?"

"అన్న సప్లై ఆపేశారు కదాంటీ. నేనేం చెయ్యను? మెనూలు ప్రింట్ అయిపోయినయ్. హోల్‌సేల్‌లో తెప్పిస్తున్నా. అదీ మంచి మాంసమే."

"మంచిదైతే దాని పేరే పెట్టు. మా వాడి పేరెందుకు?"

"హోల్‌సేల్ బాక్స్‌కి ఫేస్ ఏముంటదాంటీ?" అని నవ్వాడు. "కస్టమర్ కొనేది మాంసం కాదు, స్టోరీ. మాంసం ఎక్కడైనా దొరుకుద్ది. మీరే అక్కడ కూర్చుని వెన్నలా ఉందన్నారు. తేడా తెలిసిందా మీకు?"

ఒరేయ్, నాకు తేడా తెలిసిందా? నిజంగా తెలియలేదు. దానికి వాణ్ణి కొట్టాలో నన్ను నేను కొట్టుకోవాలో తెలియక అట్టాగే నిలబడ్డాను.

అప్పుడు వాడు మెల్లిగా అసలు సంగతి ఎత్తాడు. నీ పేరూ నీ మొహమూ వాడుకున్నందుకు నెలనెలా నీకు ఫీజు ఇస్తాడట. నువ్వు పశువుని కోయించనక్కర్లేదు, పంపనక్కర్లేదు. ఎంతో చెప్పాడు. నా జీతంలో సగం ఉంది. "అన్నకి హెల్ప్ అవుద్ది కదాంటీ" అన్నాడు, ఆసుపత్రిలో రోగిని పలకరించినట్టు.

చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నాను. నువ్వేం జవాబిస్తావో నాకు తెలుసు. వాడికి ఆ జవాబు నేనే మోసుకెళ్తాను, రుచి చూపిస్తాను.

అక్క


యారమ్
జూలై 27

అక్కా,

ఒప్పుకుందామనుకుంటున్నాను.

అరవకు, చదువు. పోయిన వారం సగం కోడెల్ని సంతకి తోలాను. గడ్డి అయిపోతోందని జిల్లాలో అందరూ అదే రోజు తోలారు. ఆ నలుగురూ ఆవేళ కాఫీ కూడా తీరిగ్గా తాగారు. నా కోడెలు ఎంతకి పోయాయో రాయను. సిగ్గుగా ఉంది. దగ్గరుండి తల్లులకి పురుడు పోశాను, చలిలో దూడలకి సీసా పట్టాను. వాటిని ఆ ధరకి అమ్మడం కంటే దూడని ఎత్తుకుని నవ్విన నవ్వుకే ఎక్కువ వస్తుందంటే, అక్కా, ఈ లోకంలో తెలివైనవాడు ఎవడు? నేనా, భార్గవా?

గౌరవం గురించి రాస్తావు, తెలుసు. నీకు గౌరవం చవక. నెలకోసారి జీతం పడుతుంది. ఇక్కడ ఈ పొలాన్ని ఆవులు పోషించడం లేదు, కరోలిన్ నైట్ డ్యూటీలు పోషిస్తున్నాయి. మొన్న తను కారులోంచి దిగకుండా స్టీరింగ్ మీదే తల పెట్టి నిద్రపోయింది. వెళ్లి తలుపు తీస్తే, "కాస్త ఆగండి, ఇంట్లోకి వస్తే మళ్లీ లెక్కలే కదా" అంది.

వాడి డబ్బు తీసుకుంటే నాకేం తగ్గుతుంది? గోడ మీద ఉన్నవాడు ఎటూ నేను కాదు. ఆ టోపీ కూడా నాది కాదు.

ఎలియాజర్


క్రెయిగీబర్న్
ఆగస్టు 3

ఎలియాజర్‌కి,

నీ ఇష్టం. గౌరవం నాకు చవకే. రోజుకి పదిమంది ముసలివాళ్లకి స్నానం చేయించి సంపాదించుకుంటున్నాను, చవగ్గా.

కరోలిన్ సంగతి ముందే రాసి ఉండాల్సింది. ఆమెకి విడిగా రాస్తున్నాను, నువ్వు చదవకు.

నేను పక్క బల్ల వాళ్లకి "మా తమ్ముడి కోడె" అని చెప్పాను. వాళ్లెవరో నాకు తెలియదు, మళ్లీ కనబడరు. అయినా వాళ్ల దగ్గర నేను అబద్ధం ఆడినదాన్నయ్యాను. డబ్బు తీసుకుంటే ఆ అబద్ధానికి నువ్వు సంతకం పెట్టినట్టు. అంతే నేను చెప్పేది. సంతకం పెట్టేటప్పుడు టోపీ పెట్టుకో, ఫోటో తీస్తారు.

మరియరాణి


యారమ్
సెప్టెంబర్ 14

అక్కా,

సంతకం పెట్టడానికే వెళ్లాను. నీతో చెప్పకుండా వెళ్లాను.

ముందుగానే చేరాను. భార్గవ్ ఎవరితోనో మీటింగ్‌లో ఉన్నాడు. ఆకలేస్తోందని ఒక బల్ల దగ్గర కూర్చున్నాను, సరిగ్గా నా ఫోటో కింద. ఒక్కళ్లయినా నన్ను గుర్తుపట్టలేదు. అదే వడ్డించే అమ్మాయి వచ్చి, నీళ్లు పోస్తూ, పైనున్న నన్ను చూపించి నా కథ నాకే చెప్పింది. ఇప్పుడు ఇంకా పెరిగింది. ప్రతి పశువునీ పంపే ముందు దాని నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానట. "హీ క్రైస్ ఎవ్రీ టైమ్" అంది. నిజం చెప్పనా, వింటుంటే నాకే కన్నీళ్లు వచ్చేలా ఉన్నాయి.

భార్గవ్ వచ్చాడు. కాగితాలు ముందు పెట్టాడు. మీట్‌వర్క్స్‌లో ఉన్నప్పుడు చదవకుండా సంతకాలు పెట్టేవాణ్ణి. ఈసారి చదివాను. ఎలియాజర్ అనే పేరుతో, నా మొహంతో, నేను ఇంకెవరికీ మాంసం అమ్మకూడదట. మార్కెట్‌లో కూడా.

"మరి నేను ఏ పేరుతో అమ్ముకోవాలయ్యా?"

"ఎందుకన్నా అమ్ముకోవడం? ఇంట్లో కూర్చుంటే డబ్బులు వస్తయ్ కదా. బ్రాండ్ డైల్యూట్ అవ్వకూడదు."

"నా పేరు మా అమ్మ పెట్టింది. పాస్టరు గారు నీళ్లలో ముంచి మరీ పిలిచారు. దాన్ని నేను వాడుకోకూడదా?"

"వాడుకోండన్నా, ఇంట్లో."

అతను వెటకారానికి అనలేదు, మామూలుగా అన్నాడు. అదే నాకు తట్టుకోలేనిది. కుర్చీ ఎక్కాను. బూట్లతోనే ఎక్కాను, వాటికి పేడ ఉంది. ఫోటో దించాను. తింటున్నవాళ్లంతా స్పూన్లు ఆపేశారు. భార్గవ్ పరిగెత్తుకొచ్చి, "అన్నా, ఆ ఫ్రేము నాది" అన్నాడు. ఫ్రేము విప్పి అతనికిచ్చి ఫోటో చుట్టుకుని వచ్చేశాను. ఇంట్లో కోళ్ల గూటికి ఒక పక్కన వాన కొడుతోందని కరోలిన్ దాన్ని అడ్డం కట్టింది. కోళ్లు నా మొహం చూసి భయపడలేదు.

ఇక అసలు పని. మూడు గంటల దూరంలో ఇంకో కబేళా ఉంది. చిన్నదే. లారీ నిండుగా తెస్తే నెలకోసారి మాలాంటి వాళ్లవి కూడా తీసుకుంటారట. పక్క పొలం గ్రేమ్, వాగవతల జీనా అనే ఇటాలియన్ ముసలామె, నేనూ కలిసి లారీ నింపుతాం. ఇదివరకు మేం ముగ్గురం ఒకరి కంచె మీద ఒకరం ఫిర్యాదులు రాసుకున్నవాళ్లమే. కోయడం కుదిరింది. అమ్మడం కుదరలేదు. మళ్లీ వెనక భాగం అడిగేవాళ్లే దొరికితే మేం మునిగినట్టే.

తిట్టాలనుంటే తిట్టు. కానీ ఏదైనా ఆలోచన ఉంటే అది కూడా రాయి.

తమ్ముడు
ఎలియాజర్


క్రెయిగీబర్న్
నవంబర్ 17

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న మీ లారీ సరుకంతా వెళ్లిపోయింది. నువ్వు మళ్లీ మీట్‌వర్క్స్‌లో చేరి, షిఫ్టులో ఉండి రాలేకపోయావు గాని, చూడాల్సిన తమాషా.

అనుకున్నట్టే నేను అందరికీ ఒక్కటే మాట చెప్పాను. ఏరుకోవడం లేదు. మన పేటలో ఆదివారం పొద్దున పోగులు వేసేవాళ్లు చూడు, కండా బొమికా కార్జం పేగూ అన్నీ తలా కాస్త కలిపి? అట్టాగే. మీ బుచర్ చేత అన్ని పెట్టెలూ ఒకేలా కట్టించాను కదా, ఇంటికో పోగు. ఇష్టమైతే తీసుకో, లేకపోతే సూపర్ మార్కెట్ తెరిచే ఉంది. మా చర్చి వాళ్లు సగం, కేరళ వాళ్లు, ఫిజీ వాళ్లు, నాతో పనిచేసే నేపాలీ పిల్లలు. చర్చి కార్ పార్కులో చల్లటి వ్యాను పక్కన నిలబెట్టి పంచాను.

మా వాళ్ల సంగతి నీకు తెలుసుగా. "ఆమె పెట్టె బరువుగా ఉందే" అని ఒకావిడ. తూకం వేసి చూపిస్తే, "మరి నాది తేలిగ్గా కనబడుతోందే" అని అదే ఆవిడ. చర్చి కన్వెన్షన్లో లక్షలు కానుకిచ్చిన పెద్దమనిషి డొక్కకి డిస్కౌంట్ అడిగాడు. తెలుగు సంఘం సత్యనారాయణమూర్తి గారు కారు దిగకుండా డిక్కీ తెరిచారు. చుట్టూ చూసి గట్టిగా, "లాంబే కదమ్మా?" అన్నారు. "అవునండీ, కాస్త పెద్ద లాంబు" అన్నాను. అవతల నిలబడ్డ ఫిజీ ఆయన నవ్వి నవ్వి పెట్టె కింద పడేసుకున్నాడు.

బాపట్ల నుంచి మనవరాల్ని చూడటానికి వచ్చిన కోటమ్మ గారు మాత్రం పెట్టె అక్కడే విప్పింది. మెత్తటి వెన్ను కండ తీసి, అటూ ఇటూ తిప్పి, "బొమిక లేకుండా ఇదేం ముక్కమ్మా, పంటి కింద ఏం నిలబడుద్ది? ఇది ఎవరికైనా పళ్లు లేనోళ్లకి ఇచ్చి నాకు కాలు వెయ్యి" అంది. భార్గవ్ అక్కడ ఉండి వినాల్సింది.

డిసెంబరుకి కూడా పేర్లు రాయించుకున్నారు. నేనేమీ నిన్ను పొగడటం లేదు.

అక్క
మరియరాణి


యారమ్
డిసెంబర్ 1

అక్కా,

నీ ఉత్తరం జీనాకి ఇంగ్లీషులో చెప్పాను. పెద్ద లాంబు దగ్గర ఆమెకి దగ్గు వచ్చింది.

అందరం బాగుపడ్డామని రాయలేను. లారీ, కబేళా, బుచర్, వ్యాను పోగా మిగిలింది సంత కంటే మేలు, అంతవరకే. మీట్‌వర్క్స్‌లో వారానికి మూడు రోజులు మళ్లీ కత్తి పట్టాను. ఫోర్‌మన్ "రైతు గారు వచ్చారు" అని టోపీ తీసి వంగాడు. వంగనీ. కరోలిన్ నైట్ డ్యూటీలు వద్దని చెప్పేసింది.

ఒక సంగతి నీకు రాయలేదు. ఆగస్టులో ఆవుల్ని కూడా అమ్మేయడానికి ఏజెంటుతో మాట్లాడేశాను. తల్లి ఆవుల్నే, మందంతటినీ. భార్గవ్ డబ్బు వస్తుంది, ఇక గొడ్లెందుకు, భూమి కౌలుకిచ్చేద్దాం అనుకున్నాను. రెస్టారెంటు నుంచి వచ్చిన రాత్రే వద్దని ఏజెంటుకి చెప్పాను. ఆ మాట లారీ డ్రైవరుకి అందలేదు. మర్నాడు పొద్దున్నే రెండంతస్తుల లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ఆవులన్నీ యార్డులో ఉన్నాయి, ముందు రోజే తోలి పెట్టాను. ఎక్కించడానికి కొద్దిసేపు చాలు. కరోలిన్ కిటికీలోంచి చూస్తోంది.

నేను వెళ్లి గేటుకి ఇవతల నిలబడి, అమ్మడం లేదన్నాను. డ్రైవరు నన్నూ, నా దేశాన్నీ, తన బాసునీ బూతులు తిట్టాడు. కిరాయి కక్కించుకున్నాడు. ఇంజను తిప్పుతూ కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏదో ఒకటి తేల్చుకో మేట్" అన్నాడు.

యార్డు గేటు తీశాను. ఆవులు ఒకదాని వెనక ఒకటి తాపీగా నడిచి గడ్డిలోకి వెళ్లాయి. ఒక్కటైనా వెనక్కి తిరిగి చూడలేదు.

తేల్చుకున్నాను, అక్కా.

నీ తమ్ముడు
ఎలియాజర్